మడవని విస్తరి

గవరమ్మకి కోడలి మీద ఇరవై రెండేళ్లుగా ఒకటే ఫిర్యాదు. పని దగ్గర వంక పెట్టడానికి లేదు. మాట దగ్గర అసలే లేదు, ఆ పిల్ల నోరు విప్పితే కదా. ఫిర్యాదల్లా తిండి దగ్గరే. వరాలు కంచం ముందు కూర్చుందంటే ఇక లేవదు. ముద్ద చిన్నది చేస్తుంది. దాన్ని మళ్లీ చిన్నది చేస్తుంది. నోట్లో పెట్టుకుని కొండని నమిలినట్టు నములుతుంది. ఓ గుక్క నీళ్లు తాగి, గడ్డం పైకెత్తి, కళ్లు మూసుకుని మింగుతుంది. అప్పుడు రెండో ముద్ద. ఈలోగా ఇంట్లో మిగతావాళ్లు తిని, చేతులు కడుక్కుని, ఎవరి పనుల్లో వాళ్లు పడిపోతారు.

"తిండికాడ ఈ ఒయ్యారమేటే పిల్లా," అనేది గవరమ్మ. "మీయమ్మ నీకు బువ్వ తినడం నేర్పనేదేటి?"

వరాలు నవ్వి ఊరుకునేది.

ఇంట్లో అయితే ఎలాగో సరిపెట్టుకోవచ్చు. పెళ్లి భోజనాల్లో మాత్రం గవరమ్మకి తల కొట్టేసినట్టుండేది. వాళ్ల కుటుంబాల్లో ఓ పద్ధతి ఉంది. పంక్తిలో అందరికన్నా పెద్దావిడ విస్తరి మడిచి లేచేదాకా ఎవరూ లేవరు. ఆవిడ లేచాక ఎవరూ కూర్చుని ఉండరు. తన తరం ఆడవాళ్లలో మిగిలింది తనొక్కతే కాబట్టి పదేళ్లుగా ఆ పెద్దరికం గవరమ్మదే. పంక్తి చివర కూర్చున్న కోడలు ఇంకా పప్పన్నంలోనే ఉందని ఆవిడకి తెలుసు. తెలిసే, మజ్జిగ కాగానే చటుక్కున విస్తరి మడిచేసేది. వరాలు తినని అన్నం మీదే విస్తరి మడిచి అందరితో పాటు లేచేది. బుద్ధి వస్తుందిలే అనుకునేది గవరమ్మ.

వాళ్లది పొందూరు. అత్తాకోడళ్లిద్దరూ సన్నఖద్దరుకి నూలు వడుకుతారు. వరాలు మొగుడు అప్పలస్వామి మగ్గం మీద ఉంటాడు. వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వడం, గింజ తీయడం, దూదిని ఏకి ఏకులు చుట్టి అరటి డొప్పలో దాచడం వరాలు పని. గవరమ్మ రాట్నం ముందు కూర్చుంటుంది. కుడిచేత్తో చక్రం, ఎడమచేత్తో పోగు. వెంట్రుకంత సన్నని నూరో నంబరు నూలు తీయాలంటే ఆ వీధిలో ఆవిడ తర్వాతే ఎవరైనా. పోగు సాగదీసేటప్పుడు ఆవిడ ఊపిరి బిగబట్టేది. ఏడో ఏట వాళ్లమ్మ పక్కన కూర్చున్ననాడు పట్టిన అలవాటు. డెబ్భై ఒకటో ఏడు వచ్చేసరికి, ఊపిరి బిగబడుతున్నట్టు ఆవిడకే తెలియకుండా పోయింది.

ఆ నూలు కోసమే షమీమ్ వచ్చింది.

షమీమ్ విశాఖపట్నంలో ఒక ప్రయోగశాలలో డాక్టరు. మనిషి ఒంట్లోంచి చిటికెడు కణాలు తీసి, వాటిని పెంచి, కొత్త రక్తనాళం తయారుచేయడం అక్కడి పని. కణాలు అల్లుకోవడానికి ఓ పందిరి కావాలి. మిల్లు దారం మీద పెడితే నున్నదనానికి జారిపోతున్నాయి. చేత్తో వడికిన పోగులో కంటికి కనబడని గరుకు ఉంటుంది. దాన్ని మాత్రం బీరతీగ పుల్లని పట్టుకున్నట్టు పట్టుకుంటున్నాయి. నాళం నిలబడ్డాక దారం దానంతటదే కరిగిపోయేలా ముందే ఏదో రసంలో నానబెడతారట. ఇదంతా విని గవరమ్మ, "మా నూలు కడతారు, తొడుగుతారని తెల్సు గాని నెత్తుర్లో కూడా ఏసుకుంటారని తెల్దమ్మా," అంది.

మధ్యాహ్నమైంది. ఇంటికొచ్చిన మనిషిని అన్నం పెట్టకుండా పంపడం ఆ ఇంట్లో లేదు. షమీమ్‌కి ఎదురుగా వరాలు కూర్చుంది. చిన్న ముద్ద, గుక్కెడు నీళ్లు, పైకెత్తిన గడ్డం. షమీమ్ తినడం ఆపి చూస్తోంది.

"మా కోడలికి తిండికాడ ఒయ్యారం డాక్టరమ్మా. నువ్వు తిను," అంది గవరమ్మ రాట్నం దగ్గర్నుంచి.

షమీమ్ నవ్వలేదు. "ఎప్పట్నుంచి ఇలా ఉంది వరాలు గారూ?"

"సిన్నప్పట్నించీ కొంచెం ఉండీదమ్మా. రెండేళ్లయి ఎక్కువైనాది. బువ్వ ఇక్కడ ఆగిపోతాది." రొమ్ము ఎముక మీద వేలుపెట్టి చూపించింది.

"నొప్పా?"

"నొప్పి కాదు. ఎవులో ఎనకనించి ఏలెట్టి నొక్కీసినట్టుంటాది."

"మరి ఇన్నేళ్లూ ఎవరికీ ఎందుకు చెప్పలేదు?"

వరాలు అన్నం కలుపుతూ కాస్త ఆలోచించింది. "అందరికీ ఇలగే ఉంటాదనుకున్నాను. మిగతా ఓలు బేగి మింగడం నేర్సుకున్నారు, నాకు రానేదు అనుకున్నాను."

గవరమ్మ చేతిలో పోగు తెగింది. ఎన్నాళ్ల తర్వాత తెగిందో. ఆవిడ దాన్ని అతకడం మర్చిపోయి కోడలి వంకే చూస్తూ ఉండిపోయింది.

పది రోజుల తర్వాత విశాఖలో, ఓ పెద్ద తెర మీద వరాలు ఛాతీ లోపలి బొమ్మ చూపించింది షమీమ్. కుడిచేతికి నెత్తురు తీసుకెళ్లే నాళం అందరికీ కుడిపక్కనుంచే నేరుగా వెళ్లిపోతుందట. వరాలుకి మాత్రం తల్లి కడుపులో ఉన్నప్పుడే దారి తప్పింది. ఎడమపక్క పుట్టి, అన్నం దిగే గొట్టం వెనకనుంచి చుట్టు తిరిగి కుడిచేతికి చేరింది. గుండె కొట్టుకున్నప్పుడల్లా ఆ గొట్టాన్ని వెనకనుంచి నొక్కుతోంది. వయసు పెరిగేకొద్దీ నాళం గట్టిపడింది, నొక్కుడూ పెరిగింది.

"ఏలెట్టి నొక్కినట్టుందని మీరు చెప్పింది అక్షరాలా నిజం," అంది షమీమ్.

గవరమ్మ తెర మీది ఆ వంకర గీతని చూసింది. దానికి ఒయ్యారం అని తనే పేరు పెట్టింది.

మామూలుగా అయితే ఆ నాళాన్ని తెంచి మెడలోని పెద్ద నాళానికి కుట్టేస్తారు. వరాలు నాళం మొదట్లోనే ఉబ్బిపోయి, గోడ పెళుసుబారి ఉంది. కుట్టు నిలవదు. ఆవిడ కణాలతోనే కొత్త నాళం పెంచాలి. పెంచితే సరిపోదు, దానికి నాడి నేర్పాలి. యంత్రంతో కొట్టించి పెంచినవి మూడు నెలలకే బిగుసుకుపోయాయి. మనిషి చేతికి తగిలించి, ఆ మనిషి నెత్తురు నలభై రోజులు పారించి పెంచినవి మాత్రం మెత్తగా, చెప్పినట్టు వింటున్నాయి. ఎవరి నాడి మీద పెరిగితే వాళ్ల నాడినే అవి జన్మంతా గుర్తుపెట్టుకుంటున్నాయి.

ముందు అప్పలస్వామి చెయ్యి చాపాడు. నెత్తురు గ్రూపు కలవలేదు. పైగా రక్తపోటుకి మాత్రలు మింగుతున్నాడు. గవరమ్మకి గ్రూపు కలిసింది. షమీమ్ ఆవిడ మణికట్టు పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

"ఇంత నిమ్మళమైన నాడి మా దగ్గర ఎవరికీ లేదమ్మా," అంది. "కాని ఒకటుంది. మీ కుడి మణికట్టు ఎప్పుడో విరిగి అతికింది, దానికి పెట్టలేం. ఎడమచేతికే పెట్టాలి. నలభై రోజులు ఆ చేతి నెత్తురులో సగం నాళంలోకి పోతుంది కాబట్టి, తర్వాత ఆ చేతి వేళ్లకి స్పర్శ పూర్తిగా రాకపోవచ్చు."

ఎడమచెయ్యంటే పోగు తీసే చెయ్యి. గవరమ్మ బయటికొచ్చి నడవాలో బల్ల మీద కూర్చుంది. బొటనవేలు, చూపుడువేలు ఒకదానికొకటి రాసి చూసుకుంది. అరవై నాలుగేళ్ల నూలు ఆ రెండు వేళ్ల మధ్యనుంచే వచ్చింది. ఆ వేళ్లు పోతే తనెవరు? ముసలమ్మ, అంతే. ఆవిడకి భయమేసింది. ఆ భయంలోనే, ఎందుకో, తను విస్తరి మడిచి లేచిన పంక్తులు గుర్తుకొచ్చాయి. మరిది కూతురి పెళ్లి. అప్పలస్వామి మేనమామ షష్టిపూర్తి. ఎదురింటి వాళ్ల గృహప్రవేశం. ఒక్కొక్కటే లెక్కపెట్టింది. పంతొమ్మిది దాకా లెక్కపెట్టి, ఇక పెట్టలేక లేచి లోపలికెళ్లి ఎడమచెయ్యి బల్ల మీద పెట్టింది.

"కానీయమ్మా," అంది.

ముంజేతికి గాజుగొట్టం లాంటి చిన్న తొడుగు కట్టారు. అందులో వేలెడు పొడుగు నాళం, గవరమ్మ వడికిన పోగుల మీదే వరాలు కణాలు అల్లుకుని పెరిగింది. కట్టిన పూటే ఎర్రబడి కదలడం మొదలెట్టింది. బరువులెత్తకూడదు, మెట్లెక్కకూడదు, కోపం తెచ్చుకోకూడదు. గుండె ఎంత నిమ్మళంగా ఉంటే నాళం అంత బాగా నేర్చుకుంటుంది. కోపం సంగతి తెలిశాక వీధిలో వాళ్లు పనిగట్టుకుని గవరమ్మని పలకరించిపోయేవాళ్లు, ఇన్నాళ్లకి ఏమన్నా తిట్టదు కదా అని.

వరాలు అత్తకి తల దువ్వేది, నీళ్లు తోడేది, ముద్దలు కలిపి పెట్టేది. తను మాత్రం గంజి, వడకట్టిన చోడి అంబలి తాగేది. అదీ ఒక్కోరోజు పొలమారేది. ముప్పై ఏడు కిలోలకి దిగిపోయింది. వంటింట్లోంచి కోడలి దగ్గు వినబడినప్పుడల్లా మంచం మీద గవరమ్మ గుండె దడదడలాడేది. చేతికున్న తొడుగు రోజుకోసారి నాడి సగటు కట్టి విశాఖకి పంపుతుంది. పదో రోజున షమీమ్ ఫోన్ చేసింది.

"నాడి పరుగెడుతోందమ్మా. మనసు నిమ్మళంగా పెట్టుకోండి."

అది చెప్పినంత తేలిక కాదు. ఖాళీ చేతులతో కూర్చుంటే గవరమ్మకి లేనిపోనివన్నీ గుర్తొస్తాయి. మర్నాడు పొద్దున్న ఆవిడ రాట్నం ముందుకి లాక్కుంది. కాసేపు, ఒక్క ఏకు అయ్యేదాకా అనుకుంది. చక్రం తిరిగింది, పోగు సాగింది, గుండె చెరువులో నీళ్లలా కుదుటపడింది. ఆ సాయంత్రమే మళ్లీ ఫోనొచ్చింది.

"ఇవాళ ఎంత బాగుందో. ఏం చేశారోగాని రోజూ అదే చెయ్యండి."

"ఏటి సేస్తానమ్మా, కూకున్నాను," అంది గవరమ్మ. అబద్ధం కాదు. ఆవిడ దృష్టిలో బియ్యం దంచడం పని, నీళ్లు మొయ్యడం పని. రాట్నం ముందు ఉండడం కూర్చోవడమే. మిగిలిన ముప్పై రోజులూ కోడలి కోసమని రోజూ కూర్చుంది.

నలభై ఒకటో రోజున నాళాన్ని తీసి, ప్రయోగశాలలో ఓ గాజుపాత్రలో పెట్టి, గోరువెచ్చని ద్రవం పారించారు. పరీక్ష రెండు రోజులు నడిచింది. చేతికి కట్టు మార్పించుకోవడానికి వెళ్లిన గవరమ్మకి షమీమ్ ముఖం వాడిపోయి కనబడింది.

"ఏటయినాది?"

"చూడండి. అంతా బాగుంది. మెత్తగా ఉంది, నాడి చక్కగా పలుకుతోంది. ఉన్నట్టుండి ఆగిపోతోంది. ఆరేడు సెకన్లు బిగుసుకుంటుంది, మళ్లీ వదులుతుంది. ఎందుకో తెలియడం లేదు. సగటులో ఇది ఎక్కడా కనబడలేదు."

గవరమ్మ పాత్ర మీదికి వంగింది. ఎర్రటి వేలెడు నాళం హాయిగా ఎగిసిపడుతోంది. చూస్తుండగానే బిగుసుకుంది. గవరమ్మ ఊపిరి కూడా ఆగింది. ఆవిడ ఆపలేదు, అదే ఆగింది. ఎడమచెయ్యి దానంతటదే కాస్త పైకి లేచింది. నాళం వదులైంది. ఆవిడ ఊపిరి వదిలింది.

"అది పోగు తీస్తంది డాక్టరమ్మా," అంది.

షమీమ్‌కి అర్థం కాలేదు. గవరమ్మ అక్కడున్న స్టూలు మీద కూర్చుని, లేని చక్రం కుడిచేత్తో తిప్పి, లేని పోగు ఎడమచేత్తో సాగదీసి చూపించింది. షమీమ్ ఆవిడ మణికట్టు పట్టుకుంది. పోగు సాగినంతసేపూ నాడి తగ్గి తగ్గి దాదాపు చేతికి అందకుండా పోయింది. చెయ్యి దిగాక మళ్లీ వచ్చింది. షమీమ్ మణికట్టు వదిలి గాజుపాత్ర వంక చూసింది.

"నేను అడగాల్సింది," అంది. "ఏం చేస్తున్నారని ఒక్కసారి కూడా అడగలేదు."

"నిమ్మళంగా ఉండమన్నావు. నాకు నిమ్మళం అక్కడే ఉంటాది." గవరమ్మ పాత్రలోని నాళాన్ని చూపించింది. "మరి ఇది పనికిరాదేటి?"

"అమర్చడం మంచిది కాదు. ఇంకో మనిషిని వెతికి మళ్లీ మొదలుపెట్టాలి. మూడు నెలలు పడుతుంది."

మూడు నెలలు. వరాలుకి గంజే దిగడం లేదు. గవరమ్మ నడవాలోకొచ్చి, బల్ల మీద కూర్చున్న కోడలి పక్కన కూలబడింది. ఇరవై రెండేళ్లలో వరాలు ముందు ఎప్పుడూ ఏడవని మనిషి పెద్దగా ఏడ్చేసింది.

"నీ ముందరున్న బువ్వ నానే తీసీసినానే పిల్లా. ఇప్పుడు నీ గొట్టం కూడా నానే పాడుసేసినాను."

వరాలు అత్త చెయ్యి పట్టుకుని సంగతంతా విడమర్చి చెప్పించుకుంది. వెనకాలే వచ్చిన షమీమ్‌ని నెమ్మదిగా, తన పద్ధతిలో, ఒక్కొక్కటే అడిగింది.

"ఆగితే ఏటవుతాదమ్మా? పేనం పోద్దేటి?"

"ప్రాణానికేం కాదు. కుడిచెయ్యి మొద్దుబారుతుంది, మళ్లీ వస్తుంది. రోజులో ఎన్నిసార్లో చెప్పలేం. పొయ్యి మీంచి గిన్నె దించేటప్పుడు ఆగితే?"

"ఎడంసేత్తో దించుతాను."

"ఇది జన్మంతా ఉంటుంది వరాలు గారూ. ఆలోచించుకోండి."

"అత్త నన్నెప్పుడూ తొందరెట్టీది." వరాలు కళ్లలో నీళ్లతోనే నవ్వింది. "అత్త కాడ పెరిగిన గొట్టమేమో కొంచెం ఆగమంటంది. నాకు అదే బాగున్నాది. ఎవులిదో ఒద్దు, ఇదే పెట్టీయండి."

పెద్ద డాక్టర్లు కూర్చుని వారం రోజులు తర్జనభర్జనలు పడ్డారు, మళ్లీ పరీక్షలు చేశారు. చివరికి వరాలు చేత మూడు కాగితాల మీద సంతకం పెట్టించుకుని ఒప్పుకున్నారు. ఆపరేషను ఆరు గంటలు పట్టింది.

గట్టి అన్నం పెట్టొచ్చని చెప్పిన రోజున ఆవపెట్టిన అరటికాయ కూర గవరమ్మే చేసింది. ఎడమచేతి వేళ్లకి వేడి తెలియక బొటనవేలు కాల్చుకుంది కూడా. వరాలు చిన్న ముద్ద నోట్లో పెట్టుకుంది. అలవాటుగా గడ్డం ఎత్తింది, కళ్లు మూసుకుంది. వెనకనుంచి నొక్కే వేలు కోసం ఎదురుచూసింది. ముద్ద దిగిపోయింది. కళ్లు తెరిచి, ఏదో పోగొట్టుకున్న మనిషిలా అటూ ఇటూ చూసింది.

"ఏటయినాదే?" అంది గవరమ్మ హడలిపోయి.

"ఏం అవనేదత్తా," అంది వరాలు. "ఏం అవనేదు." ఇక ఏడుపాగలేదు. ఏడుస్తూనే అరసోలెడు బియ్యం అన్నం తినేసింది.

గవరమ్మ వేళ్లు మాత్రం తిరిగి రాలేదు. నూరో నంబరు నూలు పట్టుకుంటే పట్టుకున్నట్టే తెలియదు. లావు నూలు తీసి సరిపెట్టుకుంది. కొన్నాళ్లు రాట్నం వంక చూడ్డానికే మనసొప్పలేదు. పోయినందుకు బాధ ఉంది. ఇచ్చినందుకు మాత్రం లేదు.

మాఘమాసంలో గవరమ్మ అన్నగారి మనవరాలి పెళ్లైంది. భోజనాల్లో పెద్దావిడ చోటు చూపిస్తే, గవరమ్మ కోడల్ని తీసుకొచ్చి తన పక్కనే కూర్చోబెట్టుకుంది. నలభై మంది పంక్తి. వరాలు పప్పూ నెయ్యీ తింది, ఆవపెట్టిన పనసపొట్టు కూర మూడుసార్లు వేయించుకుంది. ఎదురుగా ఉన్నవాళ్లు పెళ్లికూతుర్ని వదిలేసి ఆవిణ్ణే చూస్తున్నారు. మజ్జిగ కూడా అయిపోయింది. అందరి విస్తళ్లూ ఖాళీ. అందరూ గవరమ్మ చేతి వంక చూస్తున్నారు.

వరాలు పులిహోర ముద్ద నోటిదాకా తెచ్చింది. చెయ్యి గాల్లో ఆగిపోయింది. వేళ్లు పాలిపోయాయి. పక్కన గవరమ్మ ఊపిరి కూడా ఆగింది. ఇద్దరూ అలా ఉండిపోయారు. ఎక్కడో పోగు సాగుతోంది. వేళ్లకి రంగు తిరిగొచ్చింది, ముద్ద నోట్లోకెళ్లింది, గవరమ్మ ఊపిరి పీల్చుకుంది.

"అందరూ మనకోసమే ఉన్నారత్తా," అంది వరాలు చిన్నగా. "నువ్వు లెగిసీ. నాను ఇంటికెళ్లి తింటాను."

"పెద్దమ్మా, ఇక ఆకు మడిసీ, బస్సుకి టైమైపోతంది," అన్నారెవరో పంక్తి చివర్నుంచి.

గవరమ్మ వడ్డించే ఆయన్ని చేత్తో పిలిచింది. కడుపు గొంతుదాకా ఉంది. అంతకు ముందే రెండుసార్లు పెరుగన్నం తింది.

"బాబూ, నాకింకా ఆకలి తీర్నేదు. కొంచెం అన్నం ఎయ్యి. పెరుగు కూడా ఎయ్యి."

ఆయన వేశాడు. గవరమ్మ అన్నం కలిపి ముద్ద చిన్నది చేసింది. దాన్ని మళ్లీ చిన్నది చేసింది. నోట్లో పెట్టుకుని, నలభై మందీ చూస్తుండగా, తీరిగ్గా నమలసాగింది. పక్క విస్తట్లో ఇంకా కాస్త పులిహోర, రెండు బూరెలు ఉన్నాయి.